లాంబెంట్

మంగళవారాలు పుస్తకాల వ్యాను నడుపుతాను,
కంబ్రియా కొండల్లో, గేటు గేటుకీ ఆగుతూ.
తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిలు గీతలు
రబ్బరుతో చెరపడం కూడా నా ఉద్యోగమే.

ఐసొబెల్ టైసన్ గీతలు చూడగానే పోలుస్తాను.
మంద మీద ముద్ర వేసినట్టు
మాట చుట్టూ ఒక్కటే సున్నా, గట్టిగా.
ఈసారి అట్ట ఊడిన పాత నవల, నూట పన్నెండో పేజీ:
చనిపోయిన పిల్ల, పక్కన దీపం,
గోడ మీద లాంబెంట్ వెలుగు.
అంచున ఆవిడ వంకర దస్తూరీ:
"గొర్రెపిల్ల వెలుగు?"

నవ్వాను. ఒప్పుకుంటున్నాను.
మా ఇంగ్లీషులో గొర్రెపిల్ల లాంబ్.
మాట మొదట్లో లాంబ్ కనబడగానే
అరవై ఏళ్ళుగా నడిచిన కాలిబాటనే పట్టుకుని
సూటిగా కొట్టంలోకి వెళ్ళిపోయింది ఆవిడ.

నా సీటు కింద, జాకీ పక్కన, నిఘంటువుంది.
విప్పాను.
లాటిన్ మాట. నాకడం అని మూలార్థం.
కాల్చకుండా పైపైన తాకుతూ కదిలే మంట.
గాయం చెయ్యకుండా మెరిసే చమత్కారం.
కళ్ళకీ, నక్షత్రాలకీ, ఆరబోయే బొగ్గులకీ
రాసేవాళ్ళు వాడతారు.
రొట్టె కొనేటప్పుడు ఎవరూ వాడరు.
మంట నాలుక చాచిందని రోజూ అంటాం,
ఆ నాలుక ఏం చేస్తుందో ఎప్పుడైనా అడిగామా?

తప్పు దిద్దుదామనే వెళ్ళాను.
ఏప్రిల్. వానలో సగం మంచు.
ఇంట్లో లేదు. కొట్టంలోంచి కేక:
"ఎవరైతేనేం, ఆ టార్చి పట్టుకో!"

పట్టుకున్నాను.
బ్యాటరీ చివరికొచ్చిన టార్చి, పచ్చటి వెలుగు,
నా చేతి వణుకంతా అందులోనే.
గడ్డి మీద జిగురుముద్ద ఒకటి, ఊపిరి లేకుండా.
తల్లి వంగింది.
ముక్కు మీద నాలుక. కళ్ళ మీద. చెవుల వెనక.
గరుకు నాలుకే, అయినా ఎక్కడా నొప్పించలేదు.
నాకి నాకి, ఆ ముద్దలోంచి
ఒక మొహాన్ని బయటికి తీసింది.
తుమ్మింది మొహం.
తడి ఉన్ని మీంచి ఆవిరి లేచింది,
నా టార్చి వెలుగు ఆ ఆవిరిని పట్టుకుని కాసేపు ఆడింది.

చెప్పేశాను, సమయం కాకపోయినా:
"ఆ మాటకి అర్థం, మిసెస్ టైసన్, నాకడం."
మోచేతుల దాకా నెత్తురు, తల ఎత్తలేదు.
"మరి నేనేమన్నాను?"

ఆ రెండు మాటలకీ చుట్టరికం లేదని,
ఒకటి లాటిన్ వీధి నుంచి, ఇంకొకటి మా ఉత్తరపు చలి నుంచి
వేరువేరుగా నడిచొచ్చాయని చెప్పాల్సింది.
అప్పటికే రెండో పిల్ల బయటికొస్తోంది.

అది తుమ్మలేదు.
ఐసొబెల్ కాళ్ళు పట్టి ఊపింది, గడ్డితో రుద్దింది,
నోట్లో వేలు పెట్టి చూసింది, ఆపేసింది.
తల్లి ఆపలేదు.
బతికినదాన్ని ఎలా నాకిందో చచ్చినదాన్నీ అలాగే,
అదే ఓపిక, అదే వరస, ముక్కు, కళ్ళు, చెవుల వెనక.
ఏమీ వెలిగించని నాలుక,
అయినా చీకటిని దగ్గరికి రానివ్వనట్టు.
అప్పుడు గుర్తొచ్చింది నూట పన్నెండో పేజీలో గోడ,
పిల్ల పక్కన ఆ దీపం ఏం చేస్తోందో.

"యాన్, టాన్, టెథెరా..."
పాత లెక్కలో కొట్టమంతా లెక్కపెట్టుకుంది ఐసొబెల్.
ఒకటి దగ్గర ఆగింది, మళ్ళీ మొదట్నుంచి.
చేతులు బకెట్లో కడుక్కుని అడిగింది,
"ఇంకో పుస్తకం తెచ్చావా? ఈసారి సముద్రం ఉన్నది."

రాత్రి వ్యానులో, లోపలి బల్బు కింద,
ఆ పేజీ విప్పి రబ్బరు తీశాను.
నియమం నియమమే.
ప్రశ్నార్థకం ఒక్కటే చెరిపాను.